రోజెన్‌బాఖ్‌లో దించేసిన అమ్మాయి

"తలుపు పట్టుకుని అలా నిలబడిపోయావేంటయ్యా? పిల్ల లోపలికి రావాలా, అక్కర్లేదా?"

వంటింట్లోంచి భార్య రోస్విత కేకేసేదాకా, గుమ్మానికి తానే అడ్డంగా ఉన్నానని వాలెంటిన్‌కి తెలియలేదు.

పక్కకి జరిగాడు. కొడుకు క్లెమెన్స్ నవ్వుతూ ముందు వచ్చాడు. వాడి వెనకాల ఆ అమ్మాయి. గడప దాటుతూ ఒక్కసారి తలెత్తి వాలెంటిన్ మొహంలోకి చూసింది. రైల్లో చూసినప్పుడు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి ఆ కళ్ళు. ఇవాళ పొడిగా ఉన్నాయి.

అదే అమ్మాయి. సందేహం లేదు.

"నాన్నా, తిహానా అంటే ఈమే," అన్నాడు క్లెమెన్స్. "తిహానా, మా నాన్న. చెప్పానుగా, రైల్లో టీసీ అని. ఫిల్లాఖ్ నుంచి సరిహద్దు దాకా ఏ రైలెక్కినా ఈయనే ఎదురవుతాడు."

"అవును, చెప్పావు," అందామె. చేయి చాపింది. "బాగున్నారా?"

వాలెంటిన్ ఆ చేయి అందుకున్నాడు. చల్లగా ఉంది.

"రండి," అన్నాడు. "రండి, కూర్చోండి."

"ఏంటి నాన్నా, ఇంటికి కాబోయే కోడలికి 'అండీ'లా? పెట్టెలో పాసింజరు అనుకున్నావా?"

ఆ మాటకి నవ్వింది క్లెమెన్స్ ఒక్కడే.

భోజనాల బల్ల దగ్గర కిటికీ పక్క కుర్చీలో వాలెంటిన్ తల్లి ఆగాత అప్పటికే కూర్చుని ఉంది. ముసలావిడ. ఎనభై దాటాక చెవులు తనకి కావలసినప్పుడే పనిచేస్తాయని రోస్విత ఎద్దేవా. తిహానాని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె జడ చివర పట్టుకుని చూసి, బాగుందన్నట్టు తలూపింది.

రోస్విత పళ్ళాలు పెట్టింది. పుదీనా, విరిగిన పాలముద్ద కూరి ఉడికించిన కుడుములు. పైన కాచిన వెన్న. ఆ ఇంట్లో ఎవరైనా ముఖ్యమైనవాళ్ళు వస్తే చేసే వంట అది.

ఆగాత వెన్న గిన్నె ముందుకి జరిపింది.

"హ్వాలా," అంది తిహానా. అలవాటుగా తన భాషలో వచ్చేసిన థాంక్స్ అది.

"ప్రోసిమ్," అంది ముసలావిడ వెంటనే, ఫర్వాలేదమ్మా అన్నట్టు.

రోస్విత గరిటె ఆగింది. "అత్తయ్యా! మీ నోట ఆ మాటలు ఈ ఇంటికొచ్చాక ఇదే వినడం!"

"ఆవిడకేం రావు. ఎక్కడో విని ఉంటుంది," అన్నాడు వాలెంటిన్ గబగబా.

ఆగాత కొడుకు వైపు చూసింది. "పెళ్ళయి ఇక్కడికొచ్చేదాకా నాకు వేరే భాషే రాదు. కొండకి అటు వాళ్ళదీ ఇటు మా ఊరిదీ ఒకటే మాట. వీడు బళ్ళో పడ్డాక, నా స్నేహితుల ముందు అలా మాట్లాడకే, సిగ్గేస్తోంది అన్నాడు. సరే అని నోరు మూసుకున్నాను."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ?"

"అన్నావా, అనలేదా?"

వాలెంటిన్ కుడుము కోసుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాడు.

రోస్విత తిహానా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "క్లెమెన్స్ ఫోన్లో చెప్పాడు తల్లీ. మీ అమ్మమ్మగారు పోయారటగా. నిన్ను పెంచి పెద్దచేసింది ఆవిడేనట."

"అవునండీ."

"ఆఖరి చూపైనా దక్కిందా?"

తిహానా ఫోర్కు పళ్ళెం అంచున ఆగింది.

"దక్కలేదమ్మా," అన్నాడు క్లెమెన్స్. "ఎందుకు దక్కలేదో చెప్తే నీకు ముద్ద దిగదు."

"వద్దు క్లెమెన్స్. ఇవాళ వద్దు," అంది తిహానా.

"ఎందుకొద్దు? మా నాన్నకి తెలియాలి. ఆయన డిపార్ట్‌మెంటే కదా!"

వాలెంటిన్ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. అది ఖాళీ అని నోటి దాకా వెళ్ళాక తెలిసింది.

"మార్చిలో తిహానా స్నేహితురాలితో డెన్మార్క్ వెళ్ళింది. పుట్టినరోజుకి రైలు పాస్ కొనిచ్చింది నేనే. ఒక్క పాస్ ఉంటే చాలు, హద్దు దాటినప్పుడల్లా టికెట్ కొనే పనిలేదు, ఏ దేశం రైలైనా ఎక్కొచ్చు అని. అక్కడుండగా సరిహద్దు అవతల వాళ్ళ ఊరు కార్లొవాట్స్ నుంచి కబురు. అమ్మమ్మ నీ పేరే కలవరిస్తోంది, వెంటనే రా అని. తను విమానంలో వెళ్తానంది." క్లెమెన్స్ పళ్ళెం ముందుకి తోశాడు. "వద్దన్నది నేను. చేతిలో పాస్ ఉందిగా, సాయంత్రం రైలెక్కితే మర్నాడు ఇంట్లో ఉంటావు అన్నాను. నేనే అన్నాను."

"నువ్వు మంచికే చెప్పావురా," అంది రోస్విత.

"మంచికే! రాత్రంతా రైళ్ళు మారుతూ వచ్చింది పాపం. ఆ పాస్‌కి ఒక రూలుంది. ప్రయాణం చేసే ప్రతిరోజూ, రైలెక్కే ముందు, ఆ రోజు తేదీ ఫోన్లో నొక్కాలి. తెల్లారితే కొత్త తేదీ నొక్కాలి. అమ్మమ్మ పోతోందని ఏడుస్తున్న మనిషికి తేదీలు గుర్తుంటాయా? ఫిల్లాఖ్ దాటాక టీసీ వచ్చాడు. అప్పుడు చూసుకుంది. సార్, మర్చిపోయాను, ఇదిగో నొక్కుతున్నాను అని ఆయన కళ్ళెదుటే నొక్కింది. ఒప్పుకోలేదు. ఎక్కాక నొక్కితే చెల్లదు, జరిమానా కట్టు, లేదా దిగు అన్నాడు. కార్డు పనిచెయ్యలేదు. రోజెన్‌బాఖ్‌లో దింపేశాడు."

"సరిహద్దు సొరంగం ముందు ఉండే ఆ చిన్న స్టేషన్లోనా? అక్కడ మళ్ళీ రైలెప్పుడు దొరుకుతుందిరా!"

"అదే కదా."

"అమ్మమ్మ చావుబతుకుల్లో ఉందని చెప్పలేదా తల్లీ?"

"చెప్పాను," అంది తిహానా పళ్ళెంలోకి చూస్తూ.

"చెప్తే?"

తిహానా ఫోర్కు పక్కన పెట్టింది.

"ఏమన్నాడో నేను చెప్తా," అన్నాడు క్లెమెన్స్. అతని మెడ ఎర్రబడింది. "'మీ దేశంలో అమ్మమ్మలంతా టీసీని చూడగానే మంచమెక్కుతారేం?' అన్నాడు. పెట్టె నిండా జనం. కొందరు నవ్వారట."

రోస్విత నోటి మీద చేయి పెట్టుకుంది.

వాలెంటిన్‌కి ఆ వాక్యం మాట మాటా గుర్తుంది. జనం నవ్వినప్పుడు తనకి లోపల కలిగిన సంతోషం కూడా గుర్తుంది. ఆ సాయంత్రం డిపోలో, కాఫీ మిషన్ దగ్గర, అదే మాట మళ్ళీ చెప్పి తోటివాళ్ళని నవ్వించాడు. ఆ తర్వాత మర్చిపోయాడు. ఇందాక తలుపు తీసేదాకా అది తను పూర్తిగా మర్చిపోయిన సంగతి.

"వాడు మనిషేనా?" అంది రోస్విత. "వాడి కడుపున పిల్లలు పుట్టలేదా? ఏమయ్యా, నువ్వు మాట్లాడవేం? ఈ లైనులో తిరిగే టీసీలంతా మీ డిపో వాళ్ళేగా. ఎవడై ఉంటాడు?"

"ఎవరో... ఎంతమంది ఉన్నారు," అన్నాడు వాలెంటిన్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "రూలు మాత్రం రూలే, రోస్వితా. ఎక్కాక నొక్కితే ఒప్పుకుంటే, ఇక రోజూ అందరూ టీసీ కనబడ్డాకే నొక్కుతారు. పాస్‌లో ఒక రోజు మిగుల్చుకోవడానికి అలా చేసేవాళ్ళు లేకపోలేదు."

అనేసి నాలుక కరుచుకున్నాడు. ఎందుకన్నాడో తెలియదు. పాతికేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"అంటే ఆమె దొంగంటావా?" అన్నాడు క్లెమెన్స్.

"నేనలా అన్లేదు."

"రూలు సంగతి నాకూ తెలుసు నాన్నా. నీ కొడుకునే. చిన్నప్పుడు నువ్వే చెప్పేవాడివి, రూలు పుస్తకంలో ఉంటుంది, టీసీకి కళ్ళుండాలి అని. సరే, నువ్వు చెప్పు. ఆ రోజు ఆ పెట్టెలో నువ్వు ఉంటే? దింపేవాడివా?"

ఆగాత కూడా నమలడం మానేసింది.

"నాన్నా, అడుగుతున్నాను."

"ఆంటీ," అంది తిహానా ఉన్నట్టుండి, "వీటిలో వేసింది పుదీనా ఒక్కటేనా? ఇంకేదో వాసన కూడా వస్తోంది."

రోస్విత తడబడింది. "ఆఁ? అది... చెర్విల్ ఆకు తల్లీ. మా పెరట్లోదే."

"చాలా బాగుంది. ఇంకొకటి వెయ్యండి."

ఆమె పళ్ళెంలో అప్పటికే రెండున్నాయి. ఆ సంగతి వాలెంటిన్ చూశాడు. తనని కాపాడటానికి ఆ అమ్మాయి ఆకలి తెచ్చిపెట్టుకుందని అర్థమై, తల పైకెత్తలేకపోయాడు.

క్లెమెన్స్ మాత్రం వదల్లేదు. "ఫిర్యాదు రాసి ఉంచాను. వాడి ఆనవాళ్ళు చెప్పమంటే ఈమె చెప్పదు. పొడుగా పొట్టా, మీసాలున్నాయా లేవా, ఏదీ గుర్తులేదంటుంది."

"నిజంగా గుర్తులేదు," అంది తిహానా.

"ఫరవాలేదు," రోస్విత లేచింది. "డ్యూటీలు వేసేది ఎగోన్ కదా. వాణ్ణి అడిగితే ఇట్టే చెప్తాడు."

"ఆదివారం పూట వాణ్ణి ఎందుకు కదిలించడం?" అన్నాడు వాలెంటిన్.

"ఆదివారమైతే వాడి నోటికి సెలవా? నువ్వు మొహమాటపడతావని తెలుసు. నీ తోటివాణ్ణి నువ్వు పట్టివ్వలేవు. నేనడుగుతా."

హాల్లో ఫోన్ తీసి నంబరు కొట్టింది. అవతల ఎవరూ ఎత్తలేదు.

"చర్చి నుంచి రాలేదేమో. వాడే చేస్తాడ్లే," అంటూ రోస్విత వెనక్కొచ్చింది. "ఈలోగా కేకు వేడిచేస్తాను. ఏమయ్యా, పిల్లకి పెరడు చూపించు. ఎంతసేపని ఇక్కడ కూర్చోబెడతాం?"

క్లెమెన్స్ లేవబోయాడు. "నువ్వుండు, నాన్నమ్మని మంచం దాకా తీసుకెళ్ళు," అంది తల్లి.

"నాకేం మంచం అక్కర్లేదు," అంది ఆగాత. "నేను ఇక్కడే కూర్చుంటా."

*

పెరట్లో ద్రాక్ష తీగ కింద కుందేళ్ళ గూడు ఉంది. అవతల కంచె, కంచె దాటితే రైలు పట్టాలు. వాలెంటిన్ వంగి పిడికెడు ఆకు పీకాడు. గూటి జాలీలోంచి లోపలికి పెట్టబోతే సగం కింద పడింది.

తిహానా వెనకాలే నిలబడి ఉంది.

"గుర్తుపట్టావు కదూ," అన్నాడు ఆమె వైపు తిరక్కుండానే.

"తలుపు తీసి 'ఆఁ, వచ్చారా' అన్నారు చూడండి. మొహం చూడకముందే గొంతు తెలిసింది."

"మరి వాడితో ఎందుకు చెప్పలేదు?"

"మీ గురించి క్లెమెన్స్ ఎలా చెప్తాడో మీకు తెలుసా? మేముండే సాల్జ్‌బుర్గ్‌లో ప్రతివాళ్ళకీ మా నాన్న, మా నాన్న. చిన్నప్పుడు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, నిద్రపోకుండా బడికి దింపేవారట. నాకు నాన్న లేడు. అతనికి ఉన్నవాణ్ణి తీసెయ్యడం నాకెందుకు?"

వాలెంటిన్ గూడు పట్టుకుని లేచాడు. "చూడమ్మా... నేను... క్షమించమని అడగడానికి కూడా నాకు..."

"అడగొద్దు."

ఆమె గొంతు పెరగలేదు. కాస్త గట్టిపడిందంతే.

"మీరు అడుగుతారు. నేను పోనీలెండి అంటాను. మీకు తిన్నది అరుగుతుంది. నాకు ఏం అరుగుతుంది, టీసీ గారూ?"

పట్టాల మీద గూడ్సు బండి ఒకటి పోతోంది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పండి," అంది. "మా ఎదుటి సీట్లో ఒక ముసలి జంట కూర్చున్నారు. దూరదేశం నుంచి వచ్చిన టూరిస్టులు. వాళ్ళ దగ్గరా అదే పాస్. వాళ్ళూ తేదీ నొక్కలేదు. మీరేం చేశారో గుర్తుందా?"

గుర్తుంది. నవ్వుతూ ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకుని తనే నొక్కిచ్చాడు. కొండలు కుడివైపు కిటికీలోంచి బాగా కనిపిస్తాయని కూడా చెప్పాడు.

"వాళ్ళు... పెద్దవాళ్ళు. ఫోన్లు సరిగా తెలియవు కదా అని..."

"నిజం చెప్పమన్నాను."

వాలెంటిన్ కింద పడిన ఆకు ఏరసాగాడు.

"నేను చెప్పనా? మీరు నా పేరు చదివారు. అప్పటిదాకా మామూలుగానే ఉన్నారు. పేరు చదివాక మొహం మారిపోయింది. మా అమ్మమ్మ పెట్టిన పేరు అది. నెమ్మదైనది అని అర్థం. మీ అమ్మగారిని అడిగితే చెప్తారు, ఆవిడ భాషలో కూడా అంతే."

ఆయనకి తెలుసు. ఆ మాట అర్థం తెలియడమే తనని ఆ రోజు చిరాకు పెట్టిందేమోనని ఇప్పుడే తోచింది. తను దాచుకుని, మరిచిపోయి, తుడిచేసుకున్న భాష ఒకటి ఆ పాస్ మీద అక్షరాల్లో కనబడింది. ఆ పేరుని ఎంత తొందరగా రైలు దింపేద్దామా అనిపించింది. ఇదంతా ఈ పిల్లకి ఎలా చెప్పడం? చెప్తే మాత్రం అది సంజాయిషీ అవుతుందా?

"రోజెన్‌బాఖ్‌లో బెంచీ మీద కూర్చున్నాను," అంది తిహానా. "మా పిన్ని ఫోన్ చేసి అమ్మమ్మ చెవి దగ్గర పెట్టింది. వస్తున్నాను, దగ్గర్లోనే ఉన్నాను అని చెప్పాను. ఎక్కడున్నావే అంది. కొండకి ఇవతల ఉన్నాను అన్నాను. సాయంత్రానికి గానీ ఇంకో రైలు రాలేదు. ఎక్కాను. సొరంగంలో సిగ్నల్ ఉండదు కదా. అటువైపు తేలేసరికి పిన్ని మెసేజీ."

వాలెంటిన్ కళ్ళు మూసుకున్నాడు. ఆ సొరంగంలోంచి తను ఎన్ని వేలసార్లు పోయి ఉంటాడు!

"నేను వాడికి చెప్పేస్తాను," అన్నాడు. "ఇప్పుడే. ఈ బరువు నేను మొయ్యలేను."

"మొయ్యండి," అంది తిహానా. "నేను మొయ్యట్లేదూ? మీరు చెప్పేస్తే మీకు తేలికవుతుంది. క్లెమెన్స్‌కి తండ్రి పోతాడు. మీ ఇద్దరి మధ్యా పుల్ల పెట్టిన మనిషిగా నేను మిగులుతాను. నాకు మీ దగ్గర్నుంచి కావలసింది ఒక్కటే. మాట్లాడకండి. నాతో ఆ రోజు మాట్లాడినంత సులువుగా ఇవాళ ఊరుకోండి."

లోపల హాల్లో ఫోన్ మోగింది.

ఇద్దరూ కిటికీ వైపు చూశారు. అద్దంలోంచి రోస్విత కనబడుతోంది. చేతికంటిన పిండి తుడుచుకుంటూ ఫోన్ ఎత్తింది. నవ్వుతూ ఏదో అడిగింది. అవతలి మాట వింటూ ఇంకా నవ్వుతోంది. ఆ నవ్వు మొహం మీద అలా ఉండిపోయింది, లోపలి మనిషి వెళ్ళిపోయినట్టు. తర్వాత గోడకి చేయి ఆనించింది.

*

దాల్చినచెక్క, కిస్‌మిస్ చుట్టి చేసిన కేకు బల్ల మధ్యలో పెట్టి రోస్విత కోస్తోంది. ముక్కలు సమంగా రావడం లేదు.

"ఇది పొహాచ," అంది ఆగాత తిహానాతో, తన పాత భాషలో. "మా ఊళ్ళో అలాగే అనేవాళ్ళం."

తిహానా ఆవిడ చేతిని మెల్లగా నొక్కింది.

"ఏమన్నాడమ్మా ఎగోన్?" అని అడిగాడు క్లెమెన్స్.

కత్తి కేకులో దిగబడి ఆగింది.

రోస్విత భర్త వైపు చూడలేదు. తిహానా వైపు చూడలేదు. "వాడికి గుర్తులేదట," అంది. "ఆ రోజుల్లో డ్యూటీలన్నీ తారుమారయ్యాయట. ఎవరెక్కడున్నారో చెప్పలేనన్నాడు."

"గుర్తులేకపోవడమేంటి? రాసి ఉంటుందిగా!"

"లేదన్నాడురా! ఎన్నిసార్లు చెప్పాలి?" రోస్విత కసిరింది. "కేకు తిను."

వాలెంటిన్‌కి అర్థమైంది. ఎగోన్ పేరొక్కటే చెప్పి ఊరుకునే రకం కాదు. 'అమ్మమ్మల కథా? మీ ఆయనదే కదా వదినా, మమ్మల్ని కడుపుబ్బ నవ్వించాడు' అని ఉంటాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో రోస్విత అబద్ధం చెప్పగా ఆయన వినలేదు. మార్కెట్లో చిల్లర ఎక్కువిస్తే వెనక్కి వెళ్ళి ఇచ్చొచ్చే మనిషి. ఆవిడ ఇవాళ కన్నకొడుకు మొహం మీద అబద్ధమాడింది. కొడుకు కోసమో, తన కోసమో. ఆవిడ చేత ఆడించింది మాత్రం తనే.

ఇటు చూస్తే ఆ పిల్ల అబద్ధం. అటు చూస్తే భార్య అబద్ధం. మధ్యలో కొడుకు కేకు ముక్క చేతిలో పట్టుకుని, అమాయకంగా, తనకి తెలియని మనిషిని తిట్టుకుంటున్నాడు.

"పోనీ నేనే రేపు డిపోకి వెళ్తా," అంటున్నాడు క్లెమెన్స్. "నాన్నా, నువ్వు కూడా రా. నువ్వు పక్కనుంటే వాళ్ళు దాచలేరు."

తిహానా బల్ల అవతల నుంచి వాలెంటిన్‌నే చూస్తోంది. తల అడ్డంగా కదిలీ కదలనట్టు ఊపింది.

ఆయన చూశాడు. చూసి కూడా ఆగలేకపోయాడు.

"డిపోకి వెళ్ళక్కర్లేదురా," అన్నాడు. "ఆ టీసీని నేనే."

క్లెమెన్స్ నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. తర్వాత తల్లి మొహం చూశాడు. ఆవిడ కత్తి పట్టుకుని గట్టిగా కళ్ళు మూసుకుంది.

"అమ్మా?"

రోస్విత కత్తి బల్ల మీద పెట్టేసింది.

"ఆ మాట అన్నది నేనే," అన్నాడు వాలెంటిన్. "అమ్మమ్మల మాట. దింపిందీ నేనే. ఎదుటి సీటు వాళ్ళు చేసిన తప్పే ఈ పిల్లా చేసింది. వాళ్ళని వదిలేసి ఈమెని దింపాను. పేరు చూసి దింపాను. నువ్వు ఏమన్నా పడతాను."

తిట్టు కోసం, బల్ల మీద పిడికిలి కోసం ఎదురుచూశాడు. ఏదీ రాలేదు. క్లెమెన్స్ తండ్రి వైపు చూడనేలేదు. నెమ్మదిగా తిహానా వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

ఆమె చూపు పళ్ళెంలోకి దించుకుంది.

"గుమ్మంలోనే తెలిసిందా? చెయ్యి కలిపినప్పుడే? నేను ఇక్కడ కూర్చుని గొంతు చించుకుంటుంటే, పుదీనా బాగుందన్నావే, అప్పుడు కూడా తెలుసా?"

"క్లెమెన్స్, నేను నీ కోసమే..."

"అమ్మకి తెలుసు. నీకు తెలుసు. నాన్నకి సరే. అంటే ఈ బల్ల దగ్గర ఇంతసేపూ పిచ్చివాడిలా కూర్చున్నది నేనొక్కణ్ణే." కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఆ పాస్ కొనిచ్చానన్న దిగులుతో నేను నెలల తరబడి నిద్రపోలేదు తిహానా. నీకు తెలుసు. నా ముందు నువ్వు నిజం దాచావు. నేను తట్టుకోలేననుకున్నావు. అంతేగా నా మీద నీకున్న నమ్మకం?"

"అలా కాదురా, పిల్ల తప్పేముంది?" రోస్విత అడ్డం వెళ్ళింది. అతను తల్లిని తప్పించుకుని హాల్లోకి నడిచాడు. తాళంచెవులు గలగలలాడాయి. తలుపు దడాలున పడింది. రోస్విత ఇంటి చెప్పులతోనే వాడి వెనక పరుగెత్తింది.

గదిలో ముగ్గురు మిగిలారు.

"నేను... వాడికి నిజం తెలియాలని..." అన్నాడు వాలెంటిన్.

తిహానా లేచి నిలబడింది. ఇందాక పెరట్లో కూడా లేని తడి ఇప్పుడు ఆమె కళ్ళలో ఉంది.

"ఆ రోజు రూలు అన్నారు. ఇవాళ నిజం అంటున్నారు," అంది. "రెండుసార్లూ దింపింది నన్నే."

వాలెంటిన్ తన తల్లి వైపు చూశాడు, చిన్నపిల్లాడిలా. ఆగాత కొడుకుని చూడటం లేదు. ఆ అమ్మాయి కోటు కొక్కెం మీద నుంచి తీసి, రెండు చేతులతో పట్టుకుని, ఏదో అంటోంది తన భాషలో. వెళ్ళమంటోందో, ఉండమంటోందో. ఒకప్పుడు ఆయనకి ప్రతిమాటా తెలిసేది. ఇప్పుడు ఒక్క ముక్క అర్థం కాలేదు.

తిహానా కోటు ఒక చేతికి తొడుక్కుంది.

వీధిలో కారు స్టార్టయింది. ఇంజను నడుస్తూనే ఉంది. కారు మాత్రం కదల్లేదు.